చారిత్రక ప్రాధాన్యం ఉన్న పాత ఇంగ్లీషు షాట్‌గన్ దొరికితే: తరచుగా అడిగే ప్రశ్నలు

లండన్, బర్మింగ్‌హామ్ నగరాల్లో 18వ శతాబ్ది చివరి నుంచి మొదటి ప్రపంచ యుద్ధం దాకా తయారైన రెండు గొట్టాల వేట తుపాకులు ఇంగ్లండు పల్లెల్లోని పాత బంగళాల అటకల మీద, అమెరికా వేలం శాలల్లో, మన దేశంలోని జమీందారీ లోగిళ్లలో నేటికీ అప్పుడప్పుడు బయటపడుతూనే ఉన్నాయి. అలా దొరికిన తుపాకీ గురించి జనం అడిగే ప్రశ్నలు దాదాపు ఎప్పుడూ ఒకే వరుసలో ఉంటాయి: ఎంత పలుకుతుంది, ఎవరిది, ఇంకా పేలుతుందా. ఈ వరుసను తిరగేయడం మేలని నా అభిప్రాయం. అందుకే ఇక్కడ ధర చివరికి దగ్గర్లో వస్తుంది.

తుపాకీ కనబడగానే మొట్టమొదట ఏమి చేయాలి?

అందులో మందుగుండు ఉందనే అనుకోవాలి. మూతి వైపు నుంచి మందు కూరే పాత తుపాకుల్లో చివరిసారి కూరిన మందు, గుళ్లు వాడకుండా అలాగే ఉండిపోవడం అరుదు కాదు. ఆ నల్ల మందు తడి తగలకపోతే నూరేళ్ల తరువాత కూడా అంటుకుంటుంది. గొట్టంలోకి సన్నని చెక్కపుల్లను మెల్లగా దించి, అది ఆగిన చోట మూతి దగ్గర గుర్తు పెట్టి, ఆ పుల్లనే గొట్టం వెలుపల ఆనించి చూస్తే విషయం తెలిసిపోతుంది. పుల్ల గొట్టం మొదలు దాకా పోకుండా రెండు మూడు అంగుళాల ముందే ఆగిందంటే లోపల ఏదో ఉన్నట్టే. అప్పుడు దాన్ని కదపకుండా పోలీసులకు గాని, తెలిసిన తుపాకుల పనివాడికి గాని వదిలేయాలి. ఇదంతా మూతిని ఎవరి వైపూ తిప్పకుండా, మన ముఖం మూతికి ఎదురుగా పెట్టకుండా, ట్రిగ్గరు జోలికి పోకుండా జరగాలి. లైసెన్సు సంగతి తేలకముందే తుపాకీని కారులో వేసుకుని ఎవరికో చూపించడానికి బయలుదేరడం మరో తప్పు. దాని గురించి చట్టం ప్రశ్న దగ్గర చెప్పుకుందాం.

షాట్‌గన్‌కూ రైఫిల్‌కూ తేడా ఏమిటి? 12 బోర్ అనే లెక్క ఎక్కడిది?

రైఫిల్ గొట్టం లోపల మెలికలు తిరిగిన గాడులు ఉంటాయి, అది ఒక్క గుండును తిప్పుతూ దూరానికి పంపుతుంది. షాట్‌గన్ గొట్టం లోపల నున్నగా ఉంటుంది, చిన్న చిన్న సీసపు గుళ్లను గుంపుగా చిమ్ముతుంది, ఎగిరే పిట్ట కోసం పుట్టిన ఆయుధం అది. ఒక పౌను సీసాన్ని 12 సమాన గుండ్లుగా పోస్తే, అందులో ఒక గుండు సరిగ్గా పట్టే గొట్టం 12 బోర్ అవుతుంది. దాని లోపలి వెడల్పు 0.729 అంగుళం, అంటే 18.5 మిల్లీమీటర్లు. కాబట్టి అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది. 20 బోర్ 12 కన్నా సన్నం, 8 బోర్ 12 కన్నా లావు.

వందేళ్లు దాటిన ప్రతి ఇంగ్లీషు తుపాకీ చారిత్రకమైనదేనా?

కాదు. 19వ శతాబ్ది రెండో సగంలో బర్మింగ్‌హామ్ వీధుల్లో తుపాకులు ఎంత పెద్ద సంఖ్యలో తయారయ్యాయంటే, కేవలం వయసునే కొలమానంగా తీసుకుంటే ప్రాధాన్యం అనే మాటకే అర్థం పోతుంది. ఒక తుపాకీ చరిత్రలో నిలవడానికి నాకు తెలిసి మూడు దారులున్నాయి. తయారీ విధానంలో ఒక మలుపును అది చూపించాలి, అంటే ఒక పేటెంటుకు తొలి నమూనాల్లో ఒకటై ఉండాలి. లేదా తెలిసిన వ్యక్తి చేతిలో తెలిసిన కాలంలో ఉన్నట్టు కాగితం మీద రుజువు కావాలి. లేదా మార్పులు, మరమ్మతులు లేకుండా, తయారైన నాటి పెట్టెతో, సామగ్రితో ఎలా ఉందో అలాగే మిగిలి ఉండాలి. మూడోదాన్ని జనం చిన్నచూపు చూస్తారు గాని, పరిశోధకుడికి అదే అన్నిటికన్నా అపురూపం. ఎందుకంటే మంచి తుపాకీని ఎవరూ ఊరికే ఉంచరు. చెకుముకి రాయితో నిప్పు పుట్టించే తుపాకీని, సుత్తి కొట్టగానే పేలే చిన్న రాగి టోపీతో నిప్పు అందుకునే టోపీ తుపాకీగా మార్చారు, మూతి నుంచి కూరేదాన్ని వెనుక నుంచి తూటా పెట్టేదిగా మార్చారు, గొట్టాలు అరిగితే మొదలు దగ్గర కోసి కొత్తవి అతికించారు.

మా తుపాకీ మీద మాంటన్ అని చెక్కి ఉంది. అసలైనదేనా?

ఆ పేరు కనబడగానే సంబరపడకుండా కాస్త ఆగడం మంచిది. జోసెఫ్ మాంటన్ (1766–1835) లండన్‌లో తుపాకులు చేసిన మహాశిల్పి. రెండు గొట్టాల మధ్య గురి చూడటానికి వీలుగా ఎత్తైన పట్టీని 1806లో పేటెంటు చేసినది ఆయనే. జేమ్స్ పర్డీ ఆయన దగ్గర పనిచేసి 1814లో సొంత దుకాణం పెట్టుకున్నాడు. థామస్ బాస్ కూడా ఆ పనిశాలలో చెయ్యి తిరిగినవాడే. మాంటన్ లేకపోతే మేమంతా కమ్మరులుగా మిగిలిపోయేవాళ్లమని పర్డీ అన్నట్టు ఆ వృత్తిలో తరతరాలుగా చెప్పుకుంటారు. అంత గొప్పవాడూ 1826లో దివాలా తీశాడు. పేరు మాత్రం దివాలా తీయలేదు. ఆయన బతికి ఉండగానే మొదలైన నకిలీల వరద ఆయన పోయాక ఇంకా పెరిగింది.

బెల్జియంలోని లియేజ్ నగరం చౌక తుపాకులకు పెట్టింది పేరు. అక్కడ తయారై ఇంగ్లీషు పేర్లు చెక్కించుకున్నవి అమెరికాకు లెక్కలేనన్ని వెళ్లాయి. వాటి మీద పేరు చూడటానికి సరిగానే ఉన్నట్టుంటుంది గాని ఎక్కడో ఒక అక్షరం ఎక్కువో తక్కువో అవుతుంది. బర్మింగ్‌హామ్‌లోని వెస్ట్లీ రిచర్డ్స్ పేరుకు బదులు డబ్ల్యూ. రిచర్డ్స్ అని ఉండటం ఇందుకు పేరుపడ్డ ఉదాహరణ. గొట్టాల అడుగున కోడిగుడ్డు ఆకారపు గీతలో ఈ, ఎల్, జి అక్షరాలు కనబడితే అది లియేజ్ పరీక్షశాల ముద్ర. అప్పుడు పైన ఎంతటి ఆంగ్లేయుడి పేరు ఉన్నా అది పేరు గొప్ప, ఊరు దిబ్బ అన్నట్టే. అసలు మాంటన్ తుపాకీలో చెక్కుడు కన్నా అమరిక ఎక్కువ మాట్లాడుతుంది. కర్రలోకి ఇనుము దిగిన చోట సన్నని కాగితం కూడా దూరనంత బిగువు ఉంటుంది, మరలు అన్నిటి గాడులూ ఒకే దిశకు తిరిగి నిలుస్తాయి. నకిలీ చేసేవాడు పేరు చెక్కగలడు గాని అన్ని గంటల పని పెట్టలేడు.

పేరును నమ్మకూడదంటే దేన్ని నమ్మాలి?

గొట్టాల అడుగున ఉన్న ప్రూఫ్ ముద్రలను నమ్మాలి. బంగారానికి గీటురాయి ఎలాగో ఇంగ్లండులో తుపాకీ గొట్టానికి ప్రూఫ్ అలాగ. మామూలు వాడకానికి మించిన మోతాదు మందు కూరి పేల్చి, గొట్టం పగలకుండా, ఉబ్బకుండా నిలిస్తేనే ముద్ర వేస్తారు. లండన్‌లో ఈ పని 1637లో రాజశాసనం పొందిన తుపాకీ పనివారి సంఘం చేతిలో ఉంది. కిరీటం కింద జి, పి అక్షరాలు పెనవేసుకుని ఉంటే అది వారి ముద్ర. కిరీటం కింద వి ఉంటే కంటితో కూడా పరిశీలించారని అర్థం. బర్మింగ్‌హామ్ పరీక్షశాల 1813లో పార్లమెంటు చట్టంతో ఏర్పడింది. కిరీటం కింద అడ్డంగా దాటిన రెండు రాజదండాలు దాని గుర్తు.

రెండు గొట్టాల తుపాకీని మడిచి, ముందరి కర్రముక్క తీసి, గొట్టాలను విడదీస్తే, వాటి అడుగున చదునుగా అరగదీసిన భాగంలో ఈ ముద్రలు వరుసగా కనిపిస్తాయి. వాటిని చదవడం వస్తే తయారైన సంవత్సరం తెలియకపోయినా కాలం తెలుస్తుంది. నాట్ ఫర్ బాల్ అన్న మాటలుంటే అది 1875–1887 మధ్య పరీక్షకు వచ్చిన గొట్టం. మూతి దగ్గర కాస్త బిగించిన గొట్టంలో ఒంటి గుండు పేల్చవద్దని ఆ హెచ్చరిక. వజ్రాకారపు గడిలో 12, దాని కింద సి అని ఉంటే 1887 లేదా ఆ తరువాతి ముద్ర. నైట్రో ప్రూఫ్ అని మాటల్లో ఉంటే పొగలేని మందుకు 1896లోనో ఆ తరువాతో పరీక్షించారని అర్థం. అయితే 1860లో తయారైన తుపాకీ 1950ల్లో మళ్లీ పరీక్షకు వెళ్లి ఉండవచ్చు కాబట్టి ఒకే గొట్టం మీద రెండు కాలాల ముద్రలు పక్కపక్కన ఉంటే కంగారు పడనక్కరలేదు. చూడవలసింది అన్నిటికన్నా పాత ముద్రను.

పేల్చే విధానాన్ని బట్టి కాలం పోల్చుకోవచ్చా?

నిక్షేపంగా పోల్చుకోవచ్చు. నిజానికి ఇంగ్లీషు షాట్‌గన్ చరిత్ర అంతా మందుకు నిప్పు అంటించే చరిత్రే. చెకుముకి రాయి ఉక్కును కొట్టి రవ్వలు రాలిస్తే, పక్కనున్న చిన్న పళ్లెంలోని మందు భగ్గుమని, ఆ మంట రంధ్రం గుండా లోపలికి పోయేది. ఆ మెరుపు చూసి పిట్టలు తప్పించుకుంటున్నాయని చిరాకుపడిన స్కాట్లండు మతగురువు అలెగ్జాండర్ జాన్ ఫోర్సైత్ కొట్టగానే పేలే రసాయనంతో పనిచేసే యంత్రాన్ని కనిపెట్టి 1807లో పేటెంటు పొందాడు. అబర్డీన్‌షైర్‌లోని బెల్‌హెల్వీ అనే ఊళ్లో ప్రార్థనలు చేయిస్తూ, తీరిక వేళల్లో బాతుల వేటకు వెళ్లే పెద్దమనిషి ప్రపంచ సైన్యాల ఆయుధాలనే మార్చివేశాడు. ఆయన యంత్రం అత్తరు బుడ్డి ఆకారంలో ఉండేది కాబట్టి ఆ పేరుతోనే పిలుస్తారు. అలాంటి బుడ్డి ఉన్న తుపాకీ దొరికితే, మిగతావన్నీ పక్కనబెట్టి వెంటనే నిపుణుణ్ని సంప్రదించాల్సిందే.

దాని వెనుక రాగి టోపీలు వచ్చాయి. సుమారు 1820ల నుంచి 1860ల దాకా వాటిదే రాజ్యం. 1851లో లండన్ మహా ప్రదర్శనలో ఫ్రెంచివాడైన లెఫోషూ తుపాకీని ఇంగ్లీషు పనివారు కళ్లారా చూశారు. అది మధ్యలో మడుచుకుని వెనుక నుంచి తూటాను తీసుకుంటుంది, తూటా పక్కన పొడుచుకు వచ్చిన మేకును సుత్తి కొడుతుంది. మొదట్లో వెక్కిరించినవారు ఉన్నా జోసెఫ్ లాంగ్ వంటివారు ఆ పద్ధతిని త్వరగా అందిపుచ్చుకున్నారు. 1861లో జార్జ్ డా మధ్యలో నిప్పు ఉండే తూటాను ఇంగ్లండులో ప్రవేశపెట్టాక మేకు తూటా క్రమంగా వెనకబడింది. పైన కనిపించే సుత్తులు, మన పాతవాళ్లు గుర్రాలు అనేవి, లోపలికి పోయే పని 1870ల్లో మొదలైంది. 1875లో వెస్ట్లీ రిచర్డ్స్ పనివారైన ఆన్సన్, డీలీ పేటెంటు చేసిన, పేల్చే భాగాలన్నీ ఒకే పెట్టెలాంటి దిమ్మెలో ఇమిడే బాక్స్‌లాక్ యంత్రం నేటికీ ప్రపంచమంతటా తయారవుతోంది.

1851 నుంచి 1880 దాకా ఉన్న ఈ 30 ఏళ్లు నాకు అన్నిటికన్నా ఇష్టమైన కాలం. తాళం వేసే పద్ధతి మీద, గొట్టాలను తెరిచే మీట పెట్టే చోటు మీద, ఖాళీ తూటాను బయటకు తోసే విధానం మీద వందలాది పేటెంట్లు పుట్టాయి, చాలావరకు నాలుగు రోజులు కూడా నిలవలేదు. నిలవనివే నేడు అరుదు. మీట పక్కన ఉందా, ట్రిగ్గరు కాపు కింద ఉందా, పైన బొటనవేలికి అందేలా ఉందా అన్నది చూసి, దగ్గర్లో పేటెంట్ అన్న మాట, దాని వెంట ఏదైనా చిన్న సంఖ్య ఉన్నాయేమో వెతకాలి. పేటెంటు హక్కుదారుకు రుసుము కట్టి వాడుకున్నప్పుడు, అది ఎన్నో వాడకమో తెలిపే సంఖ్య అది. ఆ అంకె ఎంత చిన్నదైతే ఆ తుపాకీ ఆ ఆవిష్కరణ పుట్టుకకు అంత దగ్గరిది.

గొట్టాల మీద అల్లికలాంటి గీతలున్నాయి. అది తుప్పా, చెక్కుడా?

రెండూ కాదు. ఇనుము, ఉక్కు పట్టీలను కలిపి మెలితిప్పి, ఒక కడ్డీ చుట్టూ తీగలా చుట్టి, ఎర్రగా కాల్చి కొట్టి అతికించిన గొట్టం అది. గోధుమ రంగు మీద లేత బూడిదరంగు మెలికలు, చెరువు మీద గాలి వీచినప్పటి చిన్న అలల్లా, ఒక కొస నుంచి మరో కొస దాకా ఒకే క్రమంలో సాగుతాయి. దీన్ని డమాస్కస్ గొట్టం అంటారు. ఇంకా ముందటి కాలంలో పాత గుర్రపునాడాల మేకులను కాల్చి కొట్టి అతికిన ఇనుముతో కూడా మేలైన గొట్టాలు చేసేవారు. 1880 ప్రాంతం నుంచి సర్ జోసెఫ్ విట్‌వర్త్ ఒత్తిడితో పోసిన ఉక్కు పెద్ద తయారీదారుల గొట్టాల్లోకి వచ్చాక ఈ కళ మెల్లగా కనుమరుగైంది.

ఇక్కడ తెలుగువారు తప్పకుండా అడిగే అనుబంధ ప్రశ్న ఒకటుంది. నిర్మల్, కోనసముద్రం ప్రాంతాల్లో మూసల్లో కరిగించి తీసిన మన ఉక్కు పర్షియా దాకా వెళ్లి డమాస్కస్ కత్తులుగా పేరు తెచ్చుకుంది కదా, ఇదీ అదేనా అని. పేరు ఒకటే గాని పని వేరు. మన ఉక్కులోని నీటి అలల నమూనా ఆ లోహం చల్లబడేటప్పుడు లోపలే ఏర్పడుతుంది. ఈ గొట్టాల్లోది మాత్రం వేర్వేరు లోహపు పట్టీలను అతికించడం వల్ల కనిపించేది. ఆ కత్తుల ప్రతిష్ఠను చూసి గొట్టాలకు ఆ పేరు పెట్టారు.

క్రమసంఖ్య వల్ల ఏమి తెలుస్తుంది?

అదృష్టం బాగుంటే అంతా తెలుస్తుంది. పర్డీ, హాలండ్ అండ్ హాలండ్, బాస్, వెస్ట్లీ రిచర్డ్స్ వంటి సంస్థలు ప్రతి తుపాకీకీ సంఖ్య వేసి, ఎవరు అడిగారో, మడమ (భుజానికి ఆనించే కర్ర) పొడవు ఎంతో, గొట్టాలు ఎన్ని అంగుళాలో, ఎప్పుడు అప్పగించారో పద్దుల్లో రాసుకున్నాయి. ఆ పుస్తకాల్లో చాలా భాగం నేటికీ భద్రంగా ఉన్నాయి, రుసుము కట్టి అడిగితే వివరాలతో పత్రం ఇస్తారు. కొందరు చిన్న తయారీదారుల పద్దులు మాత్రం వ్యాపారంతోపాటే పోయాయి.

సంఖ్య ఒక చోటే ఉండదు. ట్రిగ్గరు కాపు వెనుక పట్టీ మీద, గొట్టాల అడుగున, ముందరి కర్ర లోపలి ఇనుము మీద కూడా ఉంటుంది. మూడు చోట్లా ఒకే సంఖ్య ఉంటే ఆ భాగాలు కలిసి పుట్టినవే. గొట్టాల మీద వేరే సంఖ్య ఉందంటే ఎక్కడో మార్పిడి జరిగింది.

దీనితోపాటు పైపట్టీ మీద, మీట మీద బంగారంతో పొదిగిన 2 అనే అంకె మాత్రమే కనిపించిందనుకోండి. అది ఎక్కడో తోబుట్టువు ఉందన్న కబురు. విక్టోరియా కాలపు ఇంగ్లండులో పిట్టలను తోలుకొచ్చి వేటగాళ్ల తలల మీదుగా ఎగిరించేవారు. వేటగాడు ఒక తుపాకీ పేల్చి వెనుకనున్న మనిషికి ఇచ్చి, తూటాలు నింపిన రెండోదాన్ని అందుకునేవాడు. అందుకని చేతికి ఏ తేడా తెలియకుండా ఒకే తూకం, ఒకే అమరికతో జతలుగా చేయించుకునేవారు, స్థోమత ఉన్నవారు మూడేసి చేయించుకునేవారు. వారసులు పంచుకోవడంలో ఆ జతలు విడిపోయాయి. నా దృష్టిలో ఈ వేటకన్నా, విడిపోయిన జతను పద్దుల సాయంతో మళ్లీ కలిపే వేటే రుచికరమైనది.

ఇది ఫలానా ప్రభువు వాడిన తుపాకీ అని ఇంట్లో చెప్పుకుంటారు. నమ్మవచ్చా?

కాగితం చూపే దాకా నమ్మవద్దు, అలాగని కొట్టిపారేయనూ వద్దు. ప్రముఖుల తుపాకులు నిజంగానే ఉన్నాయి. లార్డ్ రిపన్ తన కాలంలో ఇంగ్లండులోకెల్లా గురి తప్పనివాడు. అందరూ సుత్తులు లేని తుపాకులకు మారిపోయాక కూడా ఆయన పర్డీ చేసిన సుత్తుల తుపాకులు మూడింటితోనే వేటాడేవాడు. 1923 సెప్టెంబరు 22న ఆ ఉదయమే 52 పిట్టలను కొట్టి, వేట మైదానంలోనే కుప్పకూలి పోయాడు. పంజాబు చివరి మహారాజు దులీప్ సింగ్ రాజ్యం పోగొట్టుకుని ఇంగ్లండులోని ఎల్వెడెన్ ఎస్టేటులో స్థిరపడి, 1876లో 1,000 తూటాలతో 780 కౌజులను కొట్టాడని ప్రసిద్ధి. ఇలాంటివారి తుపాకీ అయితే తయారీదారు పద్దులో పేరు, కర్రలో పొదిగిన చిన్న వెండి లేదా బంగారు పలక మీద వంశచిహ్నం, తోలు పెట్టె మీద పొడి అక్షరాలు, వేట దినచర్య పుస్తకం అన్నీ ఒకే వైపు వేలు చూపాలి. పలక ఒక్కటే ఉంటే చాలదు, ఎందుకంటే దాన్ని కంసాలి ఒక పూటలో మార్చగలడు.

అటక మీద నిజమైన చరిత్ర దొరకదని కాదు. ఇంగ్లండులోని బెర్క్‌షైర్‌లో ఒక ఇంటి అటక మీద బయటపడిన వస్తువులలో టిప్పు సుల్తాను ఆయుధశాలకు చెందిన 20 బోర్ చెకుముకి తుపాకీ ఉంది, అది 2019 మార్చిలో వేలంలో 60,000 పౌన్లు పలికింది. అది శ్రీరంగపట్టణపు పని, ఇంగ్లీషుది కాదు. అయినా ఈస్టిండియా కంపెనీ అధికారి తెచ్చుకున్న సామాను ఒకే కుటుంబంలో చెదరకుండా ఉండటం దాని విలువను ఎలా నిలబెట్టిందో చెప్పడానికి ఇది మంచి ఉదాహరణ.

మా తాతగారి తుపాకీ మీద కలకత్తా పేరు ఉంది. అయినా ఇంగ్లీషుదేనా?

చాలావరకు అవును. కలకత్తాలో మాంటన్ అండ్ కంపెనీ, రాడా అండ్ కంపెనీ, మద్రాసులో ఓక్స్ అండ్ కంపెనీ వంటి దుకాణాలు ఎక్కువగా బర్మింగ్‌హామ్ నుంచి తుపాకులు తెప్పించి తమ పేరు చెక్కించి అమ్మేవి. గొట్టాల అడుగున రాజదండాల ముద్ర ఉంటే పుట్టిల్లు తేలిపోయినట్టే. ఈ రాడా దుకాణానికి వచ్చిన సరకు నుంచే 1914 ఆగస్టు 26న బెంగాల్ విప్లవకారులు 50 మౌజర్ పిస్తోళ్లను, 46,000 తూటాలను తరలించుకుపోయారు. దుకాణం పేరుకు కూడా ఒక్కోసారి తుపాకీ తయారీదారు పేరుకు మించిన చరిత్ర ఉంటుందనడానికి ఇంతకన్నా ఏమి కావాలి?

మన అడవుల కోసమే అన్నట్టు తయారైనది మరొకటుంది, హాలండ్ అండ్ హాలండ్ వారి పారడాక్స్. కర్నల్ ఫాస్బరీ 1885 పేటెంటు ప్రకారం గొట్టం అంతా నున్నగా ఉండి, మూతి దగ్గరి కొద్ది అంగుళాల్లో మాత్రమే గాడులుంటాయి. ఒకే తుపాకీతో కౌజునూ కొట్టవచ్చు, పులి ఎదురైతే గుండునూ పేల్చవచ్చు. మూతి లోపల గాడులు వేలికి తగిలితే ఆ పేరు గుర్తుకు తెచ్చుకోండి.

శుభ్రం చేయించి మెరుగు పెట్టించవచ్చా?

వద్దు. ఇంత సూటిగా చెప్పడానికి కారణం ఉంది. నేను చూసిన ఒక తుపాకీకి కర్రను వడ్రంగి చేత చిత్రిక పట్టించి, గొట్టాలను గరుకు కాగితంతో తెల్లగా వచ్చేదాకా రుద్దించారు. డమాస్కస్ మెలికలు మాయమయ్యాయి, తయారీదారు చిరునామాలో వీధి పేరు పోయి ఊరి పేరు మాత్రం మిగిలింది. ఆ వీధి పేరే తుపాకీ వయసు చెప్పేది, ఎందుకంటే లండన్ పనివారు ఏ ఏళ్లలో ఏ వీధిలో ఉన్నారో నమోదై ఉంది. పర్డీ దుకాణం 1826 నుంచి ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో ఉండి, 1880ల తొలినాళ్లలో సౌత్ ఆడ్లీ స్ట్రీట్‌కు మారింది. ఆ ఒక్క పంక్తి చెరిగితే అర్ధ శతాబ్దం చెరిగినట్టే. దుమ్మును మెత్తని పొడిగుడ్డతో తుడవండి, ఇనుము మీద పలుచగా నూనె పూయండి, అంతటితో ఆపండి. మరలు విప్పవద్దు, ఇంట్లో ఉండే స్క్రూడ్రైవర్ మొన ఆ సన్నని గాడుల్లో పట్టదు, జారి చెక్కుడును గీస్తుంది.

పేల్చి చూడవచ్చా?

నిపుణుడు కొలిచి చెప్పకుండా ససేమిరా వద్దు. పాత 12 బోర్ తుపాకులు ఎక్కువగా రెండున్నర అంగుళాల తూటాకు చేసినవి. నేటి 70 మిల్లీమీటర్ల తూటా అందులో ఇబ్బంది లేకుండా కూర్చుంటుంది, పేలినప్పుడు మాత్రం దాని మూత విచ్చుకోవడానికి చోటు చాలక ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. గొట్టం గోడ మందం కూడా చూడాలి, ఏళ్ల తరబడి లోపల అరగదీసి మెరుగుపెట్టగా అది ఒక్కోచోట కాగితంలా పలచబడి ఉండవచ్చు. ముద్రలో 13 అని ఉన్న గొట్టం నేడు లోపల 0.729 అంగుళం చూపిస్తే పాత పరీక్ష చెల్లదు. ఇంగ్లండులో అలాంటిదాన్ని అమ్మడమే నేరం.

చట్టం ఏమంటుంది?

భారతదేశంలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకోవడం నేరం. పురాతన విలువ ఉన్న ఆయుధాలకు 45వ సెక్షనులో మినహాయింపు ఉంది గాని, మరమ్మతు చేసినా చేయకపోయినా అది పేలడానికి పనికిరానిదై ఉండాలని అందులోనే షరతు ఉంది. చెక్కుచెదరని ఇంగ్లీషు తుపాకీకి అది వర్తించదు. లైసెన్సుదారు మరణించాక ఇంట్లో మిగిలిన తుపాకీ గురించి వారసులు ఆలస్యం లేకుండా పోలీసు స్టేషనుకు తెలియజేసి, అక్కడ గాని లైసెన్సు ఉన్న డీలరు దగ్గర గాని 21వ సెక్షను కింద జమ చేసి రసీదు తీసుకుని, తరువాత తమ పేరున లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవచ్చు. జిల్లాల్లో కలెక్టరు, హైదరాబాదు వంటి కమిషనరేట్లలో పోలీసు కమిషనరు ఆ దరఖాస్తు చూస్తారు. 2019 సవరణ తరువాత ఒకరి దగ్గర రెండుకు మించి తుపాకులు ఉండకూడదు, వారసత్వంగా వచ్చినవాటికీ ఆ పరిమితే.

బ్రిటన్‌లో ఉన్న తెలుగువారికి మెలిక వేరే చోట ఉంది. మూతి నుంచి కూరే పాత తుపాకీని అలంకారంగా ఉంచుకోవడానికి సర్టిఫికెట్ అక్కరలేదు గాని, 1870ల నాటిదైనా మామూలు 12 బోర్ తూటా పట్టేదైతే షాట్‌గన్ సర్టిఫికెట్ తప్పనిసరి. ఇల్లు కొన్నప్పుడు అటక మీద దొరికితే పోలీసుల 101 నంబరుకు ఫోను చేసి చెప్పాలి. అమెరికాలో ఫెడరల్ చట్టం 1898లో గాని అంతకుముందు గాని తయారైనవాటిని పురాతనమైనవిగా చూస్తుంది, రాష్ట్రాల నిబంధనలు మాత్రం వేరువేరు.

ధర ఎంత ఉంటుంది?

పేరున్న తయారీదారు, మార్పులేని స్థితి, అసలు పెట్టె, పద్దు పత్రం, జత, ఇవి ఒక్కొక్కటీ ధరను పెంచుతాయి. కోసిన గొట్టాలు, తిరగచెక్కిన కర్ర దించుతాయి. ఫోటో చూసి ధర చెప్పేవారిని నమ్మవద్దు.

విదేశంలో వేలానికి పంపవచ్చా?

భారతదేశం నుంచి అయితే కుదరదనే అనుకోండి. వందేళ్లు నిండిన ఇలాంటి వస్తువు 1972 పురావస్తువుల చట్టం కిందికి వస్తుంది, దాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడం నిషిద్ధం. ఇక్కడి లైసెన్సుదారుకు గాని డీలరుకు గాని అమ్మాలి, లేదా మ్యూజియంతో మాట్లాడాలి. హైదరాబాదు సాలార్ జంగ్ మ్యూజియంలో ఆయుధాలకు ప్రత్యేక విభాగమే ఉంది. ఇంగ్లండులో లీడ్స్‌లోని రాయల్ ఆర్మరీస్ ఈ రంగంలో పెద్ద దిక్కు.

నిపుణుడికి ఏ ఫోటోలు పంపాలి?

మొత్తం తుపాకీ రెండు వైపులా ఒక్కొక్కటి, పైపట్టీ మీద పేరు, చిరునామా, యంత్రం రెండు పక్కలా ఉన్న రేకులు, ట్రిగ్గరు కాపు మీది సంఖ్య, గొట్టాల అడుగు ముద్రలు, పెట్టె ఉంటే మూత లోపలి కాగితపు చీటీ. ఫ్లాష్ వాడకుండా, కిటికీ పక్కన ఏటవాలు వెలుతురులో పెట్టి తీస్తే అరిగిపోయిన ముద్ర కూడా నీడ పడి తేలుతుంది. ముద్రలు స్పష్టంగా రాకపోతే పలుచని తెల్ల కాగితం పరిచి మెత్తని పెన్సిలుతో రుద్ది ఆ అచ్చును ఫోటో తీయండి. ఇదంతా తుపాకీ ఎవరి స్వాధీనంలో చట్టబద్ధంగా ఉందో అక్కడే, డీలరు దగ్గర జమ చేసి ఉంటే డీలరు బల్ల మీదే చేయాలి.